కత్తి అరుదైనదే... లాభం న్యాయమైనదేనా?

వ్యాపారం ధర్మసమ్మతమైనది. వ్యాపారంలో వచ్చే లాభమూ ధర్మసమ్మతమైనదే. అయితే ఏ దారిన వచ్చిన లాభమైనా హలాల్ అవుతుందా? ఈ ప్రశ్న పాతదే. ఈ రోజుల్లో అది కొత్త వేషంలో మన ముందుకు వచ్చింది.

విదేశాల్లో కొందరు కత్తుల తయారీదారులు ఒక్కో నమూనాను కొద్ది సంఖ్యలోనే తయారు చేస్తారు. ప్రతి కత్తి మీదా వరుస సంఖ్య చెక్కుతారు. వీటిని లిమిటెడ్ ఎడిషన్ అంటారు. అమ్మకానికి పెట్టిన కాసేపటికే సరుకు అయిపోతుంది. కొన్నవారంతా ముచ్చటపడి దాచుకునేవారు కారు. పెట్టె కూడా విప్పకుండా ఎక్కువ ధరకు మరొకరికి అమ్మేవారు వారిలో ఉంటారు. అమెరికాకు చెందిన బాబ్ లవ్‌లెస్ 2010లో మరణించాడు. ఆయన చేతి కత్తులు నేడు వేల డాలర్లు పలుకుతున్నాయి. టిప్పు సుల్తాన్ పడకగది ఖడ్గమయితే 2023 మే నెలలో లండన్ వేలంలో కోటీ నలభై లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది.

నారాయణఖేడ్‌లో ఉన్న మనకు ఈ సంగతులతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. కాని నేడు ప్రతి యువకుడి చేతిలోనూ ఫోను ఉంది. కత్తి కావచ్చు, బూట్లు కావచ్చు, 786 అంకె ఉన్న నోటు కావచ్చు. అరుదైన వస్తువును పట్టుకుని ఎక్కువకు అమ్మే వ్యాపారం మన ఊళ్లకూ వచ్చేసింది. కనుక ధర్మం ఏం చెబుతుందో తెలుసుకోవడం అవసరం.

లాభానికి హద్దు ఉందా?

ఇంత శాతానికి మించి లాభం తీసుకోరాదని షరీఅత్ గీత గీయలేదు. హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి)కి దైవప్రవక్త (స) ఒక దీనార్ ఇచ్చి గొర్రెను కొని తెమ్మన్నారు. ఆయన ఆ దీనార్‌తో రెండు గొర్రెలు కొన్నారు. ఒకదాన్ని ఒక దీనార్‌కు అమ్మి, రెండో గొర్రెతో పాటు దీనార్‌ను కూడా తెచ్చి అప్పగించారు. ప్రవక్త (స) కోప్పడలేదు. ఆయన వ్యాపారంలో శుభం కలగాలని దుఆ చేశారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ సంఘటనను బట్టి, రెట్టింపు లాభం దానంతట అదే పాపం కాదని తెలుస్తోంది.

మన తెలంగాణ చరిత్రలోనూ ఇందుకు ఉదాహరణ ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మేలురకం ఉక్కు తయారయ్యేది. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి, కొలిముల దగ్గరే మకాం వేసి, ఆ ఉక్కును కొని తమ దేశానికి తీసుకుపోయేవారు. అక్కడ అది కత్తులుగా మారేది. 1820ల తొలినాళ్లలో ఇక్కడికి వచ్చిన హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు ఈ సంగతులు రాసిపెట్టాడు. సరుకు దారిలో పోతే నష్టం ఆ వర్తకుడిదే. నెలల తరబడి ప్రయాణం చేసే శ్రమా అతనిదే. నష్టాన్ని భరించడానికి సిద్ధపడిన వానికే లాభం దక్కాలన్నది ఫిఖహ్ సూత్రం. అలాంటి వర్తకుడి లాభాన్ని ఎవరు కాదనగలరు?

ఎక్కడ చెడుతుంది?

లాభం ఎంత అన్నదాని కంటే, అది ఎలా వచ్చింది అన్నదే అసలు ప్రశ్న. అరుదైన కత్తుల వ్యాపారంలో కాలు జారే చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది మాట తప్పడం. మనిషికి ఒక్కటే అని తయారీదారు షరతు పెడతాడు. ఒకడు తమ్ముడి పేరున, బావమరిది పేరున, ఊళ్లో లేనివారి పేరున కూడా కొంటాడు. ముస్లింలు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉండాలన్నది ప్రవక్త (స) బోధన. అవతలివాడు ముస్లిమా కాదా, మన దేశంవాడా కాదా అన్నదానితో నిమిత్తం లేదు.

రెండోది దొంగ పాట. కొనే ఉద్దేశం లేని మిత్రుడి చేత ఎక్కువ ధర పలికించి, అసలు కొనుగోలుదారును ఉసిగొల్పడం. దీన్ని నజష్ అంటారు. ప్రవక్త (స) దీన్ని స్పష్టంగా నిషేధించారు.

మూడోది చేతికి రాని సరుకును అమ్మడం. బుకింగ్ రసీదు మాత్రమే ఉంటుంది, కత్తి ఇంకా దారిలోనే ఉంటుంది. ఈలోగానే అది ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది. తన దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కి ప్రవక్త (స) చెప్పారు.

నాలుగోది ఎదుటివాని అజ్ఞానాన్ని సొమ్ము చేసుకోవడం. నిజాం కాలం నాటి ఖడ్గాలు, జంబియాలు నేటికీ కొన్ని ఇళ్లలో పెట్టెల అడుగున ఉన్నాయి. ఒక వితంతువు ఇంట్లోని అలాంటి ఖడ్గాన్ని పాత ఇనుము ధరకు కొని, పట్నంలో లక్షలకు అమ్మితే అది తెలివి అనిపించుకుంటుందా? బజారు ధర తెలియని బిడారువారికి ఊరి బయటే ఎదురెళ్లి సరుకు కొనవద్దని ప్రవక్త (స) వారించారు. అలా అమ్మినవాడు బజారుకు వచ్చి ధర తెలుసుకున్నాక, ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కూడా ఇచ్చారు.

అసలు తనది కానిదాన్ని అమ్మడం ఇంకా ఘోరం. 1905లో సర్ ఆర్చిబాల్డ్ హంటర్ అనే బ్రిటిష్ సేనాధిపతి హైదరాబాద్ రాజ ఖడ్గాన్ని కొన్నాడు. 1978లో అది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో మ్యూజియానికి చేరింది. యజమాని దగ్గరి నుంచి దొంగిలించినదే అమ్ముడయిందని తేలడంతో, దాన్ని భారతదేశానికి తిరిగి ఇచ్చేందుకు 2022 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. డబ్బు చెల్లించి కొన్నంత మాత్రాన చోరీ సొత్తు హలాల్ కాలేదు. నూట పదిహేడేళ్లు గడిచినా కాలేదు.

చట్టాన్నీ మరువరాదు. నూరేళ్లు దాటిన పురావస్తువులతో వ్యాపారం చేయాలంటే 1972 చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. వాటిని విదేశాలకు పంపే అధికారం ప్రైవేటు వ్యక్తులకు లేదు. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు కాని పెద్ద కత్తులను ఆయుధాల చట్టం ఆయుధాలుగానే చూస్తుంది.

ముచ్చట వేరు, అవసరం వేరు

సరుకును దాచిపెట్టి ధర పెంచడాన్ని ఇహ్తికార్ అంటారు. అలా చేసేవాడు పాపి అని సహీహ్ ముస్లింలో ఉంది. మరి అరుదైన కత్తిని దాచిపెట్టి అమ్మడం ఇహ్తికార్ అవుతుందా? ఇమామ్ అబూహనీఫా (రహ్మ) దృష్టిలో ఇహ్తికార్ అనేది మనుషుల ఆహారానికి, పశువుల మేతకు సంబంధించినది. ఆయన శిష్యుడు ఇమామ్ అబూయూసుఫ్ (రహ్మ) ఇంకొంచెం ముందుకు వెళ్లారు. దేన్ని దాచిపెడితే ప్రజలకు హాని కలుగుతుందో అదంతా ఇహ్తికారే అన్నారు.

అద్దాల బీరువాలో పెట్టుకునే కత్తి దొరకనందువల్ల ఎవరి ఇంట్లోనూ పొయ్యి ఆగదు. మోసం లేకుండా, షరతు తప్పకుండా అమ్మితే దాని మీద లాభం తీసుకోవచ్చు. కాని ఆ అలవాటు అక్కడితో ఆగుతుందా? లిమిటెడ్ ఎడిషన్ కత్తితో లాభం రుచి మరిగినవాడు బక్రీద్‌కు పది రోజుల ముందు కమ్మరి కొలిమి దగ్గరికి వెళ్తాడు. లారీ కమాన్ పట్టీతో చేసిన కత్తులన్నీ ఒకేసారి కొనేస్తాడు. పండుగ ముందు రోజు మూడింతల ధర చెబుతాడు. ఖుర్బానీ ఇవ్వాల్సిన పేదవాడు, కూలి డబ్బుతో బతికే ఖసాయి ఏం చేయగలరు? చెప్పిన ధర ఇచ్చుకుంటారు, లేదా మొండి కత్తితో పని కానిస్తారు. జంతువును బాధపెట్టకుండా కత్తికి పదును పెట్టుకోవాలన్నది ప్రవక్త (స) ఆజ్ఞ. ఆ పదునును కూడా పేదవాడికి అందకుండా చేసినవాడు ఏం సంపాదించినట్లు?

రెండు బేరాల్లోనూ ఉన్నది కత్తే. ఒకటి ఎదుటివాని ముచ్చటతో బేరం, మరొకటి ఎదుటివాని అవసరంతో బేరం. ఈ తేడాను గుర్తించలేని వ్యాపారి తన ఆదాయాన్ని తానే పాడు చేసుకుంటాడు.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) కోసం ఆయన సేవకుడు మూడు వందల దిర్హములకు ఒక గుర్రం బేరం చేశాడు. గుర్రాన్ని చూసిన జరీర్ (రజి), దీని విలువ ఇంతకంటే ఎక్కువ అని అమ్మేవానితో చెప్పి, తానే ధర పెంచుకుంటూ పోయి ఎనిమిది వందలు ఇచ్చారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని ప్రవక్త (స)కు తాను ప్రమాణం చేశానన్నది ఆయన చెప్పిన కారణం.

మనమంతా జరీర్ (రజి) కాలేకపోవచ్చు. కనీసం ఒక పరీక్ష మనకు మనమే పెట్టుకోవచ్చు. ఈ వస్తువు నా చేతికి ఎలా వచ్చిందో, ఎందుకు ఈ ధర చెబుతున్నానో కొనేవాని ముందు దాచకుండా చెప్పగలనా? చెప్పగలిగితే ఆ లాభం తీసుకుని అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. చెప్పడానికి నాలుక తడబడితే, ఆ డబ్బును ఇంటికి తీసుకుపోయే ముందు ఆలోచించుకోవాలి. ఎందుకంటే ఆ డబ్బుతో కొన్న అన్నమే మన పిల్లలు తినేది.