తిరగబెట్టునేమో!

చిత్తూరు పట్టణమున ఒక ఉపాధ్యాయిని ఉన్నదని ఊహింపుడు. రెండేండ్ల క్రిందట ఆమెకు రొమ్ము కాన్సరు వచ్చినది. శస్త్రచికిత్స జరిగినది, పిదప మందులు, రేడియేషను చికిత్స పూర్తియైనవి. రాలిన జుట్టు మరల పెరిగినది. ఆమె మరల బడికి పోవుచున్నది. మ్రొక్కు తీర్చుకొనుటకై అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కి తిరుమలకు పోయి వచ్చినది. వారము గడచినది. నడుములో ఒక నొప్పి మొదలైనది.

మఱియొకరైనచో అమృతాంజనము రుద్దుకొని నిద్రించెదరు. ఆమెకు నిద్ర రాదు. ఇది మోకాళ్ళ పర్వతము ఎక్కిన అలసటయా? లేక ఆ జబ్బు ఎముకలోనికి ప్రాకినదా? తెల్లవారగనే అత్తగారు అడిగిరి: "ఏమ్మా, మొగం అట్లుండాది?"

"ఏం లేదత్తా, నడుం పట్టేసుండాది, అంతే."

ఆ "అంతే" అను మాట వెనుక ఒక రాత్రి యంతయు దాగియున్నది.

పాముకాటు తిన్నవాడు తాడును చూచినను ఉలికిపడును. లోకము దానిని పిఱికితనమనును. కాని కాన్సరు విషయమున ఈ సంశయము నిరాధారము కాదు. చికిత్స ముగిసిన పిమ్మటను కొన్ని కణములు శరీరమున ఎచటనైనను మిగిలియుండి, నెలలకో ఏండ్లకో మరల పెరుగవచ్చును. అంత సూక్ష్మమైన శేషమును ఏ స్కానింగును చూపజాలదు. కావుననే వైద్యుడు "ఇప్పుడు జబ్బు జాడ కనబడుటలేదు" అనునే కాని, "ఇక రాదు" అని ప్రమాణము చేయడు. అదియును గాక, తొలిసారి గడ్డ నొప్పి లేకుండనే వచ్చినది. బాగున్నానని చెప్పిన దేహమే ఒకమారు మోసగించినది. ఇక అది చెప్పు ఏ మాటను నమ్మవలెను?

ఈ స్థితిని లోకమునకు తెలియజెప్పిన వారిలో అమెరికా వైద్యుడు ఫిట్జ్‌హ్యూ ముల్లన్ ఒకడు. తానే కాన్సరు బారినపడి బ్రతికిన ఆయన 1985లో ఒక వైద్యపత్రికలో రోగి బ్రతుకును ఋతువులతో పోల్చెను. జబ్బు బయటపడి చికిత్స జరుగు కాలము మొదటిది. చికిత్స ముగిసి కనిపెట్టుకొనియుండు కాలము రెండవది. జబ్బు మరలి వచ్చు అవకాశము మిక్కిలి తగ్గిన కాలము మూడవది. ఆ రెండవ ఋతువును ఏలునది భయమే. మొదటి ఋతువున బంధువులందఱు మంచము చుట్టును ఉందురు. రెండవ ఋతువున "బాగైనది గదా" అని ఎవరి పనిమీద వారు పోవుదురు. రోగి తన భయముతో ఒంటరిగా మిగులును.

ఈ భయము మనిషిని రెండు తప్పుదారులకు ఈడ్చును. మొదటిది దాచుట. పిల్ల పరీక్షలు ముగియనిమ్ము, సంక్రాంతి పోనిమ్ము అని నొప్పిని కొంగున ముడివేసికొని తిరుగువారు అనేకులు. రెండవది పరుగు. దేహమున ఏ మూల కలుక్కుమన్నను స్కానింగునకు పోవుట. దీనివలన ఫలమున్నదా అని ఇటలీ వైద్యులు 1,320 మంది స్త్రీలపై పరిశోధించిరి. 1994లో ఫలితములు వెలువడినవి. క్రమము తప్పక ఎముకల స్కానింగు, ఎక్స్‌రే, రక్తపరీక్షలు జరిపిన వారికిని, వైద్యుడు చూచి అవసరమనుకొన్నపుడే ఆ పరీక్షలు జరిపిన వారికిని ఆయుర్దాయమున చెప్పుకోదగిన భేదము లేకపోయెను. కావుననే రొమ్ము కాన్సరు చికిత్స పొందినవారు మొదటి మూడేండ్లు 3 నుండి 6 నెలలకొకమారు, తరువాతి రెండేండ్లు 6 నుండి 12 నెలలకొకమారు, పిదప ఏడాదికొకమారు వైద్యునికి చూపుకొనుట, ఏటేట మామోగ్రాము తీయించుకొనుట సాధారణ పద్ధతియైనది.

తాడో పామో తేలవలెననిన దీపము తెచ్చి చూడవలెను. ఆ దీపము మొదట రోగి చేతిలోని నోటుపుస్తకమే. నొప్పి ఏ తేదీన మొదలైనది? విశ్రాంతితో తగ్గుచున్నదా? రాత్రి నిద్రనుండి లేపుచున్నదా? ఇవి వ్రాసికొన్నచో ఊహ స్థానమున లెక్క నిలుచును. సాధారణమైన పట్టు రెండువారములలో తగ్గుముఖము పట్టును. తగ్గక పెరుగుచున్న నొప్పి, క్రొత్త గడ్డ, విడువని దగ్గు, కారణము లేక బరువు తగ్గుట వంటివి కనబడినచో తదుపరి తేదీ కొఱకు ఆగక వైద్యునికి చెప్పవలెను. నడుము నొప్పితోపాటు కాళ్ళలో బలము తప్పినను, మూత్రము స్వాధీనము తప్పినను, ఊపిరాడకున్నను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

ఒకప్పుడు ఈ సీమకు వైద్యమను దీపము దూరముగ ఉండెడిది. పెద్దజబ్బనిన చిత్తూరు వారు వేలూరునకు పోయెడివారు. అది 1900లో ఐడా స్కడర్ ఒక్క పడకతో ఆరంభించిన వైద్యాలయము. లేదా మదరాసు అడయారునకు పోయెడివారు. తన చెల్లెలు కాన్సరుతో మరణింపగా చూచిన ముత్తులక్ష్మీ రెడ్డి పూనికతో 1954లో అచట కాన్సరు సంస్థ వెలసినది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ 1993లో రోగులను చూడనారంభించెను. 2022 మే 5వ తేదీన అలిపిరి చేరువను, దేవస్థానము వారి స్థలమున, టాటా ట్రస్టులు కట్టించిన కాన్సరు ఆసుపత్రి ప్రారంభమయ్యెను. చిత్తూరునుండి అది సుమారు 70 కిలోమీటర్లు. ఉదయము బస్సెక్కినవారు సాయంత్రమునకు ఇల్లు చేరవచ్చును. నేలమీది దూరము తగ్గినది. "ఏం లేదత్తా" అను మాటకును నిజమునకును నడుమనున్న దూరమే ఇంకను తగ్గవలసియున్నది.

పరీక్షలో తాడని తేలిన పిదపను గుండెదడ తగ్గనివారుందురు. వారికిని సాయమున్నది. ఆస్ట్రేలియాలో 222 మందితో జరిగిన పరిశోధన 2017లో ప్రకటితమయ్యెను. అందు కొందఱికి నిపుణులు ఐదు పర్యాయములు శిక్షణ నిచ్చిరి. భయపడవలదని వారు చెప్పలేదు. భయము వచ్చినపుడు గుర్తించుట, దానియందే మనసు చిక్కుకొనకుండ మరల్చుకొనుట, బ్రతుకున తనకేది విలువైనదో నిర్ణయించుకొనుట నేర్పిరి. విశ్రాంతి పద్ధతులు మాత్రమే నేర్చినవారికన్న వీరిలో భయము ఎక్కువగా తగ్గెను.

పాఠశాలలలో ఈ సంగతి తెలియుట మేలు. తల్లి చికిత్స పొంది ఇల్లు చేరిన బాలిక, తల్లి దగ్గిన దినమున ఎక్కము మఱచును. కొట్టక, తిట్టక, కారణమడుగు ఉపాధ్యాయుడు ఆమెకు సగము మందు. ఇంటిలో అట్టి భయముతో ఉన్నవారికి విద్యార్థులు చెప్పదగినది "నీకేమీ కాదు" అను మాట కాదు. అది ఎవరికిని తెలియదు. "ఎప్పుడు చూపించుకొందము? నేనును వచ్చెదను" అనుట మేలు.

చిత్తూరు ఉపాధ్యాయినికి పదునైదు దినములైనను నొప్పి తగ్గలేదు. నోటుపుస్తకము మూసి ఆమె అత్తగారికి చెప్పినది: "అత్తా, నాకు భయంగా ఉండాది."

ముసలామె కొంతసేపు మాటలాడలేదు. పిదప, "సరే, రేపు పొద్దున బస్సుకు ఇద్దరం పోదాం పా" అనిరి.

పరీక్షలో తాడని తేలవచ్చును, పామని తేలవచ్చును. పామైనను నేడు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు; నయము కాని సందర్భమునను జబ్బును ఏండ్లతరబడి అదుపున ఉంచు చికిత్స అనేకులకు లభించుచున్నది. ఏది తేలునో మఱునాటి మాట. ఆ రాత్రి మాత్రము, చాల దినములకు, ఆమెకు నిద్ర పట్టెను.