కొత్త రవాణా వ్యవస్థలపై పరిశోధన పత్రం: రచన, సమర్పణ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- రవాణా రంగంలోని ఒక విశాలమైన విషయం నుంచి పరిశోధన ప్రశ్నను రూపొందించగలుగుతారు.
- కొలమానం మారితే ఫలితం ఎలా మారుతుందో ఉదాహరణతో వివరించగలుగుతారు.
- పరిశోధన పత్రంలోని భాగాలను, ఒక్కొక్కదాని పనిని చెప్పగలుగుతారు.
- నమ్మదగిన పత్రికను గుర్తించి, పత్రాన్ని పద్ధతి ప్రకారం సమర్పించగలుగుతారు.

1. పరిచయం

మెట్రో రైలు, బస్సులకు ప్రత్యేక మార్గం, విద్యుత్ బస్సు, ఫోనులో పిలిస్తే ఇంటి ముందుకు వచ్చే ఆటో. నవీన రవాణా వ్యవస్థలు అనగానే మనకు గుర్తుకు వచ్చేవి ఇవి. అయితే కొత్తదనం ఎప్పుడూ యంత్రంలోనే ఉండాలని లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సు పాతదే, రోడ్డు పాతదే. మారింది ఛార్జీ విధానం ఒక్కటే. దానివల్ల ఎవరు ప్రయాణిస్తున్నారు, ఎక్కడికి, ఎందుకు అన్నవి మారాయా? ఇది మంచి పరిశోధనకు తగిన విషయం.

పరిశోధన అంటే ప్రయోగశాల, ఖరీదైన పరికరాలు కావాలని చాలామంది దూరవిద్య విద్యార్థులు అనుకుంటారు. రవాణా పరిశోధనలో మీకు ఒక సౌలభ్యం ఉంది. మీలో ఎక్కువమంది ఉద్యోగం చేస్తూనో, ఇల్లు చూసుకుంటూనో చదువుతున్నవారు. రోజూ బస్సుకోసం నిలబడేవారు, ఆటో నడిపేవారు, టికెట్లు కొట్టేవారు కూడా ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. మీరు రోజూ చూసేదాన్ని ఒక క్రమంలో లెక్కపెట్టి రాయడమే ఇక్కడ మొదటి మెట్టు.

కొత్తది కాబట్టి మంచిది అనడం వాదన అనిపించుకోదు. కొత్త వ్యవస్థ గురించి రాసే ప్రతి పత్రమూ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎవరికి మేలు? దేనితో పోలిస్తే మేలు? ఏది లెక్కపెట్టి ఈ మాట చెబుతున్నాం? ఈ పాఠమంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ నడుస్తుంది.

2. ఒకే ఆలోచన, వేరువేరు జవాబులు

బస్సులకు రోడ్డుమీద ప్రత్యేక మార్గం కేటాయించే పద్ధతిని బీఆర్‌టీ అంటారు. బ్రెజిల్‌లోని కురితిబా నగరంలో 1974లో ఇది రూపుదిద్దుకుంది. కొలంబియా రాజధాని బొగోటాలో 2000లో ట్రాన్స్‌మిలెనియో పేరుతో పెద్ద ఎత్తున ప్రారంభమైంది. మన దేశంలో ఢిల్లీలో 2008లో, అహ్మదాబాద్‌లో 2009లో మొదలైంది. అహ్మదాబాద్‌లో దాన్ని జన్‌మార్గ్ అంటారు. ఢిల్లీలోని మార్గాన్ని మాత్రం 2016లో తొలగించారు.

ఢిల్లీలో రోడ్డు మధ్య వరుసలు బస్సులకు ఇవ్వడంతో కూడళ్ల దగ్గర కార్లు బారులు తీరాయి. ఆ మార్గం మీద జరిగిన వాదోపవాదాల్లో పరిశోధకులు నేర్చుకోవలసిన అంశం ఒకటుంది. వాహనాలను లెక్కపెడితే ఒక జవాబు వస్తుంది. మనుషులను లెక్కపెడితే మరో జవాబు రావచ్చు. నిండు బస్సు ఒక్కటే అయినా అందులో యాభై అరవైమంది ఉంటారు. కారు కూడా ఒక్కటే, అందులో తరచు ఒకరో ఇద్దరో ఉంటారు. రెండు లెక్కలూ అబద్ధం కావు. అయితే మీరు ఏ లెక్క తీసుకున్నారో, ఎందుకు దాన్నే ఎంచుకున్నారో పత్రంలో స్పష్టంగా రాయాలి. రాయకపోతే చదివేవారు మీ ముగింపును తూచి చూడలేరు.

3. విషయం నుంచి ప్రశ్నకు

'హైదరాబాద్ మెట్రో: ప్రయోజనాలు' అన్నది విషయం. దానిమీద వ్యాసం రాయవచ్చు కాని, పరిశోధన పత్రం రాయడం కష్టం. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరు 28న ప్రారంభమైంది. మొదటి దశలో మూడు మార్గాలు, సుమారు 69 కిలోమీటర్లు 2020 నాటికి అందుబాటులోకి వచ్చాయి. ఇంత పెద్ద వ్యవస్థలోంచి మీరు ఒక చిన్న ముక్కను కత్తిరించుకోవాలి. ఉదాహరణకు: 'మెట్రో స్టేషనుకు రెండు కిలోమీటర్ల లోపు నివసిస్తున్న డిగ్రీ విద్యార్థులు కళాశాలకు మెట్రోలో వెళ్లకపోవడానికి, ఇంటినుంచి స్టేషనుకు చేరే ఖర్చు ఎంతవరకు కారణం?'

ఈ ప్రశ్నలో మనుషులు ఉన్నారు, చోటు ఉంది, కొలవదగిన అంశం ఉంది. కాలాన్ని కూడా చేర్చితే ప్రశ్న పూర్తవుతుంది. ఏ నెలలో, ఏ రోజుల్లో సమాచారం సేకరిస్తారో ముందే నిర్ణయించుకోండి.

ఒక్క ప్రశ్న ఎంత దూరం వెళ్లగలదో తెలుసుకోవడానికి ఒక ప్రసిద్ధ పత్రాన్ని చూద్దాం. డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లివ్‌బ్యర్గ్ తన సహచరులతో కలిసి 2005లో అమెరికా ప్రణాళికా రంగ పత్రికలో ఒక పత్రం ప్రచురించాడు. ప్రశ్న సూటిగా ఉంది: రవాణా ప్రాజెక్టులు కట్టకముందు వేసిన ప్రయాణికుల అంచనాలు, కట్టిన తరువాత ఎంతవరకు నిజమయ్యాయి? 14 దేశాల్లోని 210 ప్రాజెక్టులను పరిశీలించారు. రైలు ప్రాజెక్టుల్లో ప్రతి పదింటిలో తొమ్మిదింటికి అంచనా ఎక్కువగా వేశారని, అంచనా వాస్తవాన్ని సగటున 106 శాతం మించిందని తేలింది. అంటే వస్తారనుకున్నవారిలో సగంమంది కూడా రాలేదన్నమాట. ప్రజాధనం ఖర్చుపెట్టే చోట ఇది చిన్న విషయం కాదు. ఈ పత్రం కొత్త యంత్రాన్నీ కనిపెట్టలేదు, కొత్త సూత్రాన్నీ ప్రతిపాదించలేదు. ముందు చెప్పినదాన్ని, తరువాత జరిగినదాన్ని పక్కపక్కన పెట్టింది.

4. సగటు చెప్పని సంగతి

మీ ఊరి మార్గంలో గంటకు ఆరు బస్సులు నడుస్తున్నాయనుకుందాం. అంటే సగటున పది నిమిషాలకు ఒకటి. ప్రయాణికుడు ఏ నిమిషంలోనైనా బస్టాపుకు రావచ్చు. సరిగ్గా పది నిమిషాలకొకటి చొప్పున వస్తే అతడు సగటున 5 నిమిషాలు వేచి ఉంటాడు.

ఇప్పుడు అవే ఆరు బస్సులు జంటలుగా వస్తున్నాయనుకోండి. ఒక బస్సు తరువాత 2 నిమిషాలకు మరొకటి, ఆ తరువాత 18 నిమిషాలకు ఇంకొకటి. గంటకు ఆరు బస్సులే, సగటు ఎడం పది నిమిషాలే. కాని ప్రతి 20 నిమిషాల్లో 18 నిమిషాలు పెద్ద ఎడానికే చెందుతాయి. కాబట్టి పదిమందిలో తొమ్మిదిమంది ఆ పెద్ద ఎడంలోనే వచ్చి, సగటున 9 నిమిషాలు నిలబడతారు. మిగిలిన ఒక్కరు చిన్న ఎడంలో వచ్చి సగటున 1 నిమిషం నిలబడతారు. పదిమందికీ కలిపి 82 నిమిషాలు, అంటే మనిషికి 8.2 నిమిషాలు.

డిపో కాగితాల్లో రెండు పరిస్థితులూ ఒకటే. బస్టాపులో నిలబడినవారికి ఒకటి కాదు. కాబట్టి 'కొత్త సమయపట్టిక వల్ల బస్సుల సంఖ్య పెరిగింది' అని రాసి ఊరుకోకండి. బస్సుల మధ్య ఎడాన్ని వరసగా నమోదు చేయండి. దీనికి కావలసినవి ఒక గడియారం, ఒక నోటు పుస్తకం, ఓపిక.

5. సమాచార సేకరణలో జాగ్రత్తలు

మొదటిది, ఎవరిని అడుగుతున్నారు? బస్టాపులో నిలబడి ప్రశ్నావళి నింపితే బస్సు ఎక్కేవారే దొరుకుతారు. విసిగిపోయి రెండుచక్రాల బండి కొనుక్కున్నవారు అక్కడ ఉండరు. బస్సు దిగి నడవలేక ప్రయాణమే మానుకున్న వృద్ధులు అసలే ఉండరు. వారి జవాబు కావాలంటే ఇళ్లకు, పనిచోట్లకు వెళ్లాలి.

రెండవది, పోలిక. ఒక మార్గంలో విద్యుత్ బస్సులు వేసిన తరువాత ప్రయాణికులు పెరిగారని లెక్క తేలింది. అదే నెలలో కళాశాలలు తెరిచి ఉండవచ్చు, దసరా సెలవులు ముగిసి ఉండవచ్చు. అందుకే మార్పు జరగని మరో మార్గంలో కూడా అవే రోజుల్లో లెక్కించండి. రెండింటి మధ్య తేడాయే మీ వాదనకు బలం.

మూడవది, అనుమతి. మీరెవరో, సమాచారం ఎందుకో చెప్పి, ఇష్టమైతేనే జవాబివ్వమని అడగండి. అవసరం లేనప్పుడు పేరు, ఫోను నంబరు తీసుకోకండి. మహిళల ప్రయాణ భద్రతపై అడిగేటప్పుడు పక్కన ఇతరులు వినకుండా చూసుకోండి.

6. పత్రంలోని భాగాలు

శీర్షికలో విషయం, స్థలం తెలియాలి. దాని తరువాత వచ్చే సంక్షేపం సాధారణంగా 150 నుంచి 250 పదాలు ఉంటుంది. ప్రశ్న, పద్ధతి, ప్రధాన ఫలితం, దాని అర్థం ఇందులో ఉండాలి. చాలామంది పాఠకులు ఇది మాత్రమే చదువుతారు కనుక దీన్ని చివర రాయడం మేలు. కింద నాలుగైదు కీలక పదాలు ఇవ్వాలి.

ఉపోద్ఘాతంలో సమస్యను, ప్రశ్నను చెప్పాలి. పూర్వ పరిశోధనల సమీక్షలో ఇంతకుముందు ఎవరు ఏం చెప్పారో, వారు వదిలిన ఖాళీ ఏదో చూపాలి. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఉచితంగా దొరుకుతాయి. అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. పద్ధతి అనే భాగం, మరొకరు మీ పనిని తిరిగి చేసి చూడగలిగేంత వివరంగా ఉండాలి. ఫలితాల్లో దొరికినదాన్ని మాత్రమే చెప్పి, దాని అర్థాన్ని చర్చలో చెప్పాలి. ఈ రెంటినీ కలిపేస్తే, మీరు కొలిచింది ఏదో మీరు ఆశించింది ఏదో పాఠకుడికి తెలియదు.

పరిమితులు రాయడానికి విద్యార్థులు జంకుతారు. ఒక్క డిపోలో, రెండు వారాలు మాత్రమే లెక్కించామని రాస్తే పత్రం చిన్నబోదు. రాయకుండా రాష్ట్రమంతటికీ తీర్పు చెబితేనే సమీక్షకులు తిరగ్గొడతారు.

7. పరుల మాట, యంత్రం మాట

ఇతరుల వాక్యాలను, పటాలను, అంకెలను ఆధారం చెప్పకుండా వాడితే అది గ్రంథచౌర్యం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో దీనిపై నిబంధనలు జారీచేసింది. వాటి ప్రకారం పోలిక 10 శాతం దాటితే స్థాయిని బట్టి చర్యలుంటాయి. అంతమాత్రాన 9 శాతం నకలు చేయవచ్చని కాదు.

కృత్రిమ మేధ ఉపకరణాలు భాష సరిదిద్దడానికి ఉపయోగపడవచ్చు. కాని వాటిని రచయితగా పేర్కొనడానికి ప్రధాన ప్రచురణ సంస్థలు ఒప్పుకోవు. వాడితే ఆ సంగతి తెలపమంటాయి. అవి లేని పుస్తకాలను, లేని పత్రాలను కూడా ఆధారాలుగా సృష్టించి ఇస్తాయి. మీ కళ్లతో చదవని ఏ రచననూ ఆధారాల పట్టికలో చేర్చకండి.

8. పత్రికను ఎంచుకోవడం

మీ పత్రానికి తగిన పాఠకులు ఎక్కడున్నారో చూసి పత్రికను ఎంచుకోండి. ఇంజనీరింగు అంశమైతే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రచురణలు, విధానపరమైన అంశమైతే ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ వంటివి చూడవచ్చు. ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ పేరుతో వచ్చే అంతర్జాతీయ పత్రికల్లో పోటీ ఎక్కువ. వాటిని ముందు చదవడానికి ఎంచుకోండి. మొదటి పత్రానికి విశ్వవిద్యాలయ సదస్సు మంచి వేదిక.

ఇక్కడ మీ డబ్బు, మీ పేరు రెండూ పణంగా ఉన్నాయి. మూడు రోజుల్లో ప్రచురణ, రుసుము చెల్లిస్తే సర్టిఫికెట్ అంటూ ఈమెయిళ్లు వస్తాయి. సమీక్ష లేకుండా డబ్బుకు అచ్చువేసే ఇలాంటి పత్రికలు చాలా ఉన్నాయి. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది కదా అని నమ్మకండి. అది పత్రికకు గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు హామీ కాదు. యూజీసీ 2019లో తెచ్చిన కేర్ జాబితాను 2025లో నిలిపివేసింది కనుక, పత్రికను పరీక్షించే బాధ్యత ఇప్పుడు రచయితమీద, అతని సంస్థమీద ఉంది. సంపాదకవర్గంలోని వారు నిజంగా ఆ పదవిలో ఉన్నారా? పాత సంచికల్లో పత్రాలు చదవదగినవిగా ఉన్నాయా? రుసుము ఎంతో ముందే చెప్పారా? ఈ మూడూ చూడండి. అనుమానముంటే అధ్యయన కేంద్రంలోని కౌన్సిలర్‌ను అడగండి.

9. సమర్పణ, సమీక్ష

పత్రిక ఇచ్చిన రచయితల సూచనలను అక్షరాలా పాటించండి. పదాల పరిమితి, ఆధారాలు చూపే శైలి, పటాల పరిమాణం అందులో ఉంటాయి. సమీక్షకులకు రచయిత పేరు తెలియకూడదనే నియమం ఉంటే, పేరు, సంస్థ వివరాలను విడి పుటలో ఇవ్వాలి. సంపాదకునికి ఒక చిన్న లేఖ జతచేయండి: పత్రం దేని గురించి, ఈ పత్రిక పాఠకులకు ఎందుకు ఉపయోగం, మరెక్కడా పరిశీలనలో లేదని హామీ. ఒకే పత్రాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపడం నియమ విరుద్ధం.

సమీక్షకుల వ్యాఖ్యలు రావడానికి నెలలు పట్టవచ్చు. వచ్చాక ప్రతి వ్యాఖ్యకు విడిగా జవాబు రాయండి. ఒప్పుకుంటే ఏ పుటలో ఏం మార్చారో చెప్పండి, ఒప్పుకోకపోతే కారణం చూపండి. సమీక్షకుడిగా నేను చూసిన పత్రాల్లో ఎక్కువ వెనక్కి వెళ్లింది భాష బాగాలేక కాదు. దేనితో పోల్చారో చెప్పకపోవడం వల్ల. తిరస్కరించినా ఆ వ్యాఖ్యలు ఉచితంగా దొరికిన పాఠం. సరిదిద్ది మరో పత్రికకు పంపండి.

10. సారాంశం

కొత్త రవాణా వ్యవస్థ మంచిదా చెడ్డదా అన్నది ఎవరిని, దేన్ని, దేనితో పోల్చి లెక్కపెట్టామో దానిమీద ఆధారపడుతుంది. చిన్న ప్రశ్న, సరైన కొలమానం, నిజాయితీగా చెప్పిన పరిమితులు మంచి పత్రానికి పునాది. మీరు లెక్కపెట్టకుండా వదిలినవారు రేపటి నిర్ణయాల్లో కూడా కనబడకుండా పోవచ్చు. రవాణా పరిశోధకుడి బాధ్యత అక్కడుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'మా జిల్లాలో విద్యుత్ బస్సులు' అన్న విషయాన్ని మనుషులు, చోటు, కాలం, కొలమానం ఉన్న ప్రశ్నగా మార్చి రాయండి.
2. బస్సులు 5, 15 నిమిషాల ఎడంతో మార్చి మార్చి వస్తే సగటు నిరీక్షణ ఎంత? (జవాబు: 6.25 నిమిషాలు)
3. మీ దగ్గరి బస్టాపులో ఒక గంటసేపు బస్సుల మధ్య ఎడాన్ని నమోదు చేసి, ఆ వివరాలతో 150 పదాల సంక్షేపం రాయండి.