మీటరు పీకేసే ముందు జెర లెక్క గట్టుండ్రి

మిద్దె మీద సోలార్ పలకలు ఏసుకొని కరెంటు తీగ తెంపుకుంటే బిల్లు గోసే ఉండదని మా నకిరేకల్ల గూడ మాట నడుస్తున్నది. సోలార్ రావాలనేటోళ్లల్ల నేనూ ఒకణ్ని. గని సోలార్ పెట్టుకునుడు ఏరు, తీగ తెంపుకునుడు ఏరు. రెండింటిని ఒకటే జేసి అమ్మెటోళ్ల మాట విని అప్పులపాలు కావద్దు.

ఒక ఇంటి లెక్క జూద్దాం. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, నీళ్ల మోటరు కలిపి దినాం 5 యూనిట్లు కాలుతయనుకోండ్రి. ఒక కిలోవాట్ పలకలు మన ఎండకు దినానికి దగ్గరదగ్గర 4 యూనిట్లు ఇస్తయి. రెండు కిలోవాట్లు పెడితే పగటికి ఫికరు లేదు. చిక్కంత రాత్రిది. పొద్దుగూకినంక 3 యూనిట్లు కావాలె. ఇన్వర్టర్లకు వాడే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీల పట్టేది 1.8 యూనిట్లే. సగానికన్న ఎక్కువ గుంజితే జల్ది కరాబైతది. అంటే అక్కరకొచ్చేది 0.9 యూనిట్. ఒక్క రాత్రికే నాలుగు బ్యాటరీలు. మూడు దినాలు ముసురు పడితే ఏం జేస్తరు? పలకలు 25 ఏండ్లు నడుస్తయి, గీ బ్యాటరీలు నాలుగైదేండ్లకే మార్చాలె. బిల్లుల మిగిలిన పైసలు బ్యాటరీలు మింగుతయి.

ఇదే ఇల్లు నెలకు కాల్చేది 150 యూనిట్లు. గృహజ్యోతి ఉన్న ఇంటికి 200 దాక జీరో బిల్లే. అసుంటోళ్లు తీగ తెంపుకునుడంటే కంచంల బువ్వ పారబోసుకునుడే. 2024ల వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ గూడ గ్రిడ్‌కు కలిపినోళ్లకే: 1 కిలోవాట్‌కు 30 వేలు, 2కు 60 వేలు, 3 ఆపైన 78 వేలు.

ఇంకో ముచ్చట. మామూలు గ్రిడ్ సోలార్ కరెంటు పోంగనే ఎండ మండుతున్నా ఆగిపోతది. తీగ మీద పనిజేసే లైన్‌మన్ పానం కోసమే అట్ల పెట్టిండ్రు. కోతల బాధ ఉన్నోళ్లు హైబ్రిడ్ ఇన్వర్టర్, ఒక చిన్న బ్యాటరీ పెట్టుకుంటే సాలు. తీగలేని సోలార్ తీగ పోని కాడికే సక్కగుంటది: తోటకాడి గుడిసెకు, నల్లమల చెంచుపెంటకు.

నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సొంతూరు, 2025ల పూర్తి సోలార్ ఊరైంది. అక్కడ గూడ తీగ తెంపలే. ఇండ్ల మీద 3 కిలోవాట్ల పలకలు పెట్టిండ్రు, మిగిలిన కరెంటు గ్రిడ్‌కు పోతది. సబ్సిడీకి కంపెనీల సీఎస్‌ఆర్ పైసలు తోడైనయి.

మరి ముఖ్యమంత్రి ఊరికి దొరికిన సాయం నకిరేకల్ వాడకట్టుకు ఎందుకు దొరకొద్దు? రేకుల ఇంటోళ్లు, కిరాయిదార్లు పలకలు ఎక్కడ పెట్టాలె? బడి మీద, పంచాయతీ ఆఫీసు మీద ఊరుమ్మడి పలకలు పెట్టి వాళ్లకు వాటా ఇయ్యాలె. అడగాల్సింది గది. తీగ తెంపుకొని ఎవరికి వాళ్లం ఒంటరైతే, అడిగే గొంతు గూడ తెగుతది.