నలభై కిలోబైట్ల కార్ఖానా

తొంభైల్లోనూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ చెన్నై ఇంజనీరింగ్ కాలేజీల్లో సీ ల్యాబ్ అంటే నీలం తెరే. నెల్లూరు, చిత్తూరుల నుంచి వచ్చి చేరిన మన పిల్లలకైనా, క్రోమ్‌పేట కుర్రాళ్లకైనా ఒకటే మంత్రం: ప్రోగ్రాం రాయి, కంట్రోల్ ఎఫ్9 నొక్కు, ఆల్ట్ ఎఫ్5తో జవాబు చూడు. అది బోర్లాండ్ కంపెనీ 1990లో తెచ్చిన టర్బో సీ++. 64 బిట్ల విండోస్ దాన్ని నడపనని మొరాయిస్తే, డాస్‌బాక్స్ తొడుగు వేసి మరీ నడిపించారు.

ఈ వంశానికి మూలపురుషుడు 1983 నాటి టర్బో పాస్కల్. అంతకుముందు ప్రోగ్రాం రాయడానికి ఒక సాఫ్ట్‌వేర్, కంపైల్ చేయడానికి ఇంకొకటి, లింక్ చేయడానికి మరొకటి. మధ్యమధ్యలో ఫ్లాపీలు మార్చాలి. తప్పు దొరికితే మళ్లీ మొదటికే. ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ కంపైలర్ రాశాడు. బోర్లాండ్ దాన్ని ఎడిటర్‌తో కలిపి ఒకే ప్రోగ్రాంగా 49.95 డాలర్లకు అమ్మింది. 3.02 వెర్షన్‌లో ఆ కార్ఖానా మొత్తం 39,731 బైట్లు!

విడి ఎడిటర్ల కథ వేరే. 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ వీఐ అనే ఎడిటర్ రాసినప్పుడు ఇంటి నుంచి వాడింది 300 బాడ్ మోడెం. సెకనుకు దాదాపు 30 అక్షరాలు. 24 వరుసల తెర నిండాలంటే నిమిషం దాటుతుంది. అందుకే వీఐ ఆజ్ఞలు ఒక్కో అక్షరమే. కొత్తవాళ్లను ఏడిపించే ఆ పొదుపు వెనక ఉన్నది అహంకారం కాదు, నిదానపు తీగ. ఆ వీఐ పద్ధతినే 1991లో బ్రామ్ మోలెనార్ విమ్‌లో కొనసాగించాడు.

ఎడిటర్, కంపైలర్ విడివిడిగా ఉండే ఈ రెండో సంప్రదాయానికీ చెన్నైలో ఇల్లు దొరికింది. 2005లో సీడాక్ చెన్నై, అన్నా విశ్వవిద్యాలయం ఏయూ-కేబీసీ పరిశోధన కేంద్రం కలిసి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు జాతీయ వనరుల కేంద్రం పెట్టాయి. ఆ కేంద్రం నుంచే 2007లో డెబియన్ ఆధారంగా బాస్ లినక్స్ వచ్చింది.

నీలం తెర మీద చదువుకున్న విద్యార్థి లినక్స్ వైపు వస్తే ముందు తగిలేది దెబ్బే. కోనియో హెడర్ దొరకదు, క్లియర్‌స్క్రీన్ పనిచేయదు, ‘వాయిడ్ మెయిన్’ అంటే అక్కడి సీ++ కంపైలర్ జీ++ ఒప్పుకోదు. వాడు సీ భాష అనుకున్నదాంట్లో సగం బోర్లాండ్ అలవాట్లే. ఫ్యాక్టోరియల్ చూడండి. టర్బోలో ఇంట్ అంటే 16 బిట్లు, 32,767 దాటితే రుణ సంఖ్యల్లోకి దొర్లుతుంది. 8 ఫ్యాక్టోరియల్‌కు 40,320 బదులు -25,216 చూపిస్తుంది. లినక్స్‌లోని సీ కంపైలర్ జీసీసీలో ఇంట్ 32 బిట్లు కాబట్టి 12 దాకా సరిగ్గానే వస్తుంది. నా ఫిర్యాదు అన్నీ ఒకచోట పెట్టడం మీద కాదు, కంపైలర్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కనపడనివ్వకపోవడం మీద.

తేలిక, బరువు అన్న మాటలూ తలకిందులయ్యాయి. 2015లో వచ్చిన వీఎస్ కోడ్‌ను ఎడిటర్ అనే పిలుస్తారు; పొట్టలో క్రోమియం బ్రౌజర్ ఉంది, సైజు వందల మెగాబైట్లు. ఆ నలభై కిలోబైట్ల కార్ఖానాకు వేల రెట్లు! 2016లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ఎడిటర్‌కూ కార్ఖానాకూ మధ్య ఉన్న గోడనే కూల్చింది. భాష తెలిసిన ప్రోగ్రాం పక్కన విడిగా నడుస్తుంది. తప్పులు పట్టేదీ, పేర్లు పూరించేదీ అదే. ఎడిటర్ ఏదైనా దాన్ని అడగొచ్చు, విమ్ కూడా.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి? ఆండ్రాయిడ్ యాప్ రాసేవాళ్లకు వాదనే అనవసరం, ఆండ్రాయిడ్ స్టూడియో కావాలి. అది కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతుంది. మొదటి సెమిస్టర్‌లో సీ నేర్చుకునేవాళ్లకు 4 జీబీ పాత ల్యాప్‌టాప్ చాలు. జియానీ లాంటి చిన్న ఎడిటర్, పక్కన టెర్మినల్ పెట్టుకుని, జీసీసీ ఆజ్ఞను ఒక నెలపాటు చేత్తోనే టైపు చేయమంటాను.