7.4 చెక్క రైలు పట్టాల ఎంపిక

గత విభాగంలో నిర్మాణాత్మక ఆటవస్తువుల గురించి చదివారు. చెక్క రైలు కూడా ఆ కోవలోదే కానీ, దీనితో ఒక చిక్కు ఉంది. చెక్క దిమ్మెలు ఏ కంపెనీవైనా ఒకదానిమీద ఒకటి నిలుస్తాయి. పట్టాలు అలా కాదు. ఒక సెట్టులోని బొడిపె మరో సెట్టులోని గుంటలో ఇమడకపోతే, రెండు సెట్లు కొన్నా పిల్లవాడికి మిగిలేది రెండు చిన్న దారులే. ఇవి ఖరీదైన వస్తువులు. పుట్టినరోజుకు కొంత, పండుగకు కొంత చొప్పున కొనుక్కుంటూ పోతారు కాబట్టి, మొదటి సెట్టు ఎంపికే తరువాతి కొనుగోళ్లన్నింటినీ నిర్ణయిస్తుంది.

ఇప్పుడు ఎక్కువగా కనిపించే కొలత స్వీడన్‌కు చెందిన బ్రియో కంపెనీది. ఆ కంపెనీ 1958లో చెక్క రైలును మార్కెట్లోకి తెచ్చింది. పట్టా వెడల్పు సుమారు 40 మి.మీ., మందం 12 మి.మీ. పైన చక్రాలు నడిచే రెండు గాడులుంటాయి. ఈ కొలతను ఏ ప్రభుత్వమూ శాసించలేదు. ఇతర తయారీదారులు అనుసరించడం వల్ల అది వాడుకగా స్థిరపడింది. 2018లో హైదరాబాదుకు వచ్చిన ఐకియా వారి లిల్లాబూ సెట్టు కూడా వీటితో కలుస్తుంది. మన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల విషయంలో ఈ ప్రశ్నే రాదు. అక్కడ ఏ బొమ్మకు ఆ బొమ్మే పూర్తి.

వాడుకకు చట్టబలం లేదు కనుక, ఎవరైనా దాన్ని వదిలిపెట్టవచ్చు. 2017-18 ప్రాంతంలో థామస్ చెక్క రైళ్ల తయారీదారు పట్టాల అతుకును మార్చినప్పుడు అదే జరిగింది. పాత పట్టాలకు కొత్తవాటిని కలపడానికి ప్రత్యేకమైన అతుకు ముక్కలు అవసరమయ్యాయి. 2022లో మళ్లీ పాత పద్ధతికే వచ్చారు. ఆ మధ్యకాలపు సెట్లు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. కాబట్టి పెట్టెమీద పేరు చూసి కొనకండి. ఇంట్లోని పట్టా ముక్క ఒకటి సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లండి. నా దృష్టిలో ఇంతకు మించిన పరీక్ష లేదు.

బొడిపె గుంటలో కొంచెం వదులుగా కదలడం లోపం కాదు. ఆ కాస్త వదులు వల్లనే కొలత పూర్తిగా కుదరని దారి కూడా మూసుకుంటుంది. మరీ బిగుతైన అతుకును చిన్నపిల్లలు ఊడదీయలేరు, పెద్దవాళ్లను పిలుస్తారు. ఆట అక్కడితో ఆగుతుంది.

పెట్టెలను కలిపే లంకె సాధారణంగా అయస్కాంతమే. దాని ఎత్తు వేరైతే పెట్టెలు వంపుల దగ్గర విడిపోతాయి. ఒక పెట్టెను తిప్పిపెడితే సజాతి ధ్రువాలు ఎదురై అది వెనక్కి తోసుకుంటుంది. పిల్లలు పాడైందనుకుంటారు. కొన్ని తయారీల్లో అయస్కాంతం లోపల తానే తిరుగుతుంది. బ్యాటరీ ఇంజన్లు ఎత్తుగా ఉంటే వేరే సెట్టు సొరంగంలో పట్టకపోవచ్చు.

భద్రత దగ్గర మాత్రం రాజీ వద్దు. ఊడిన అయస్కాంతాలు రెండు మింగితే అవి పేగుల గోడల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుని రంధ్రాలు చేయగలవు. అలా జరిగిందన్న అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. విదేశాల నుంచి బంధువులు తెచ్చే పాత సెట్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రంగులో సీసం ఉందని 2007లో అమెరికాలో సుమారు 15 లక్షల థామస్ చెక్క బొమ్మలను, విడిభాగాలను వెనక్కి పిలిపించారు.

అభ్యాసం: బ్రియో కొలతల్లో తిన్నని ముక్కల పొడవు 54, 108, 144, 216 మి.మీ. పెద్ద వంపులు ఎనిమిది కలిస్తే పూర్తి వృత్తం. మీ వద్ద ఎనిమిది పెద్ద వంపులు, 144 మి.మీ. ముక్కలు మూడు, 216, 108 మి.మీ. ముక్కలు ఒక్కొక్కటి ఉన్నాయి. ఇవన్నీ వాడి, ఎదురెదురు తిన్నని వైపులు సమానంగా ఉండే కోలాకారపు దారిని మూయడానికి ఇంకా ఏ ముక్క ఒక్కటి కొనాలి?