మీకు తెలుసా? దుఃఖం తీరకముందే జరిగిన పనులు

బాధలో ఉన్నవాళ్ళను “ముందు నువ్వు తేరుకో, పని తర్వాత చూసుకుందువు గానీ” అని ఓదారుస్తాం. సైన్సులోనూ సైన్స్ ఫిక్షన్‌లోనూ కొన్ని గొప్ప పనులు మాత్రం తేరుకున్నాక జరిగినవి కావు.

● గ్రహగతుల సూత్రాలు కనిపెట్టిన యోహానెస్ కెప్లర్ చంద్రమండల ప్రయాణం మీద ఒక కథ రాశాడు. దాని పేరు ‘సోమ్నియం’. తొలి సైన్స్ ఫిక్షన్ కథల్లో దాన్నీ లెక్కిస్తారు. కథానాయకుడి తల్లికి మూలికలు తెలుసు, ఆత్మలను పిలవడం తెలుసు. అచ్చు కాకముందే ఆ రాతప్రతి నలుగురి చేతుల్లో పడింది. 1615లో కెప్లర్ కన్నతల్లి కాథరీనా మీదే మంత్రగత్తె అన్న నింద పడింది. తన కథే దానికి ఆజ్యం పోసిందేమోనని ఆయన కుమిలిపోయాడు. 1620లో ఆమెను చెరలో పెట్టారు. డెబ్బై దాటిన ఆ ముసలమ్మకు చిత్రహింసల పనిముట్లు ఒక్కొక్కటే చూపించి బెదిరించారు. అయినా చేయని నేరం ఒప్పుకోలేదు. కొడుకు దూరం నుంచి వచ్చి, ఒక్కో సాక్ష్యాన్నీ ఖండిస్తూ వాదన రాయించాడు. 1621లో ఆమె బయటపడింది, మరుసటి ఏడాదే కన్నుమూసింది.

ఈ గొడవ నడుమనే, 1618 ఫిబ్రవరిలో కెప్లర్ చిన్నకూతురు చనిపోయింది. నిమ్మళంగా కూర్చుంటే తప్ప సాగని ఖగోళ పట్టికల పని పక్కనబెట్టి, విశ్వంలోని లయ గురించిన పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. మే నెలలో మూడో సూత్రం దొరికింది: గ్రహం సూర్యుణ్ణి చుట్టివచ్చే కాలపు వర్గం, సగటు దూరపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. తర్వాతి ఏళ్ళలో, తల్లి మీద పడ్డ నిందకు జవాబు అన్నట్టు, ఆ పాత కథకు 223 వివరణలు రాసుకుంటూ పోయాడు. కథ కన్నా ఆ వివరణలే నన్ను ఎక్కువ కదిలిస్తాయి. ఆయన పోయాక, 1634లో కొడుకు దాన్ని అచ్చు వేయించాడు.

● ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మొదలుపెట్టేనాటికి మేరీ షెల్లీకి 18 ఏళ్ళు. తనను కన్న కొద్ది రోజులకే తల్లి చనిపోయింది. 1815లో ఆమెకు నెలలు నిండకుండా పుట్టిన పాప రెండు వారాలైనా బతకలేదు. ఆ పాప మళ్ళీ బతికినట్టు, చల్లబడ్డ ఒంటిని పొయ్యి ముందు రుద్దితే కదిలినట్టు కల వచ్చిందని డైరీలో రాసుకుంది. మరుసటి ఏడాది వేసవిలో, జెనీవా సరస్సు ఒడ్డున, చచ్చిన ఒంట్లోకి ప్రాణం తెచ్చే శాస్త్రవేత్త కథ ఆమె ఊహలో రూపుకట్టింది. అది భయపెట్టే కథ అని అందరూ అంటారు. నాకు మాత్రం అందులో ఒక తల్లి అడుగుతున్న ప్రశ్నే వినిపిస్తుంది. 1822లో భర్త నీట మునిగి చనిపోయాక, 1826లో ఆమె ‘ది లాస్ట్ మ్యాన్’ తెచ్చింది. మహమ్మారి మనుషులందర్నీ తుడిచిపెట్టాక ఒక్కడే మిగిలిన మనిషి కథ అది.

● పసిపిల్లలు పుట్టిన మొదటి వారాల్లో గుక్కపెట్టి ఏడ్చినా కన్నీళ్ళు కారవు. ఛార్లెస్ డార్విన్ దీన్ని తన బిడ్డలోనే గమనించాడు. 77 రోజుల బిడ్డ కంటికి ఆయన కోటు అంచు పొరపాటున తగిలింది. ఆ ఒక్క కంట్లోనే నీరు వచ్చింది, ఎంత ఏడ్చినా రెండో కన్ను పొడిగానే ఉంది. మనుషుల్లో, జంతువుల్లో భావాలు ఎలా బయటపడతాయో చెప్పే ఆయన పుస్తకంలో (1872) ఈ సంగతి ఉంది.

అదే పుస్తకంలో ఒక రైలు ప్రయాణం వస్తుంది. ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమె పెదవుల మూలలు ఇంచుక కిందికి జారడం డార్విన్ చూశాడు. ఆ కండరం పేరేమిటో ఆయనకు తెలుసు, కానీ ఇంత స్వల్పమైన కదలికకు అర్థం ఉంటుందా అనుకున్నాడు. అంతలోనే ఆమె కళ్ళ నిండా నీళ్ళు. ఏదో పాత బాధ, బహుశా ఎప్పుడో పోగొట్టుకున్న బిడ్డ గుర్తొచ్చి ఉంటుందని రాశాడు. డార్విన్ పదేళ్ళ కూతురు ఆనీ 1851లో పోయింది. చివరి రోజుల్లో మంచం పక్కన ఉన్నది తండ్రే. పుస్తకంలో ఆ మాట లేదు. కానీ ఆ పెద్దావిడ ముఖం చూడగానే “బిడ్డ” అని ఆయనకు తోచింది.

● 1906 ఏప్రిల్‌లో భౌతిక శాస్త్రవేత్త పియరీ క్యూరీ గుర్రపుబండి కింద పడి చనిపోయాడు. నవంబరులో భార్య మేరీ క్యూరీ ఆయన స్థానంలో సోర్బాన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి నిలబడింది. సంతాప వాక్యాలేవీ లేవు. ఆయన ఎక్కడ ఆపాడో అక్కడినుంచే పాఠం అందుకుంది. ఇంట్లో మాత్రం ఆయన్నే సంబోధిస్తూ డైరీ రాసుకునేది.

● భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ జబ్బు పొట్టన పెట్టుకుంది. అది తిన్న తిండి ఒంటికి పట్టనివ్వదు. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు అది మందయింది. అక్కడితో ఆగలేదు. విభజనకు ఫోలిక్ యాసిడ్ అవసరమైన క్యాన్సర్ కణాలను మోసగించే నకిలీ అణువులనూ ఆయన బృందం తయారుచేసింది. వాటిలో ఒకదానితో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వైద్యం చేస్తే రక్తక్యాన్సర్ పిల్లల్లో కొందరికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ కీళ్ళవాతానికి వాడుతున్నారు, దాని దుష్ప్రభావాలు తగ్గడానికి తోడుగా ఫోలిక్ యాసిడ్ ఇస్తున్నారు. మన ఊళ్ళలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్నదీ ఆ ఫోలిక్ యాసిడే.