గురి కుదరకపోతే... గురినే తీసేయాలి!

చెట్టు మీద పక్షి. ద్రోణాచార్యుడు శిష్యులను ఒక్కొక్కరినే పిలిచి ఏం కనిపిస్తోందని అడిగాడు. చెట్టు, కొమ్మలు, ఆకులు, మీరూ, అన్నదమ్ములూ... అంటూ చెప్పినవాళ్లందరినీ పక్కన నిలబడమన్నాడు. పక్షి తప్ప మరేమీ కనిపించడం లేదన్న అర్జునుడి చేతే బాణం వేయించాడు. మనం చిన్నప్పట్నుంచీ వింటున్న కథే ఇది.

ఈ కాలపు విలువిద్య కోచ్ దగ్గరికి ఓ కుర్రాడు వెళ్లి 'సార్, మధ్యలో ఉన్న ఆ పసుపు రంగు తప్ప నాకింకేమీ కనబడట్లేదు' అంటే మాత్రం ఆయన భుజం తట్టడు. కాస్త కంగారు పడతాడు. ఎందుకంటే నిన్నటిదాకా చక్కగా వేసిన విలుకాడి ఆట ఉన్నట్టుండి పాడైపోవడం చాలాసార్లు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

దీనికి విలుకాళ్లు పెట్టుకున్న పేరు 'టార్గెట్ పానిక్'. గురి భయం అనుకోవచ్చు. కొందరికి పసుపు రంగు కంటబడగానే వేళ్లు వాటంతటవే విడిపోతాయి. మరికొందరికి విల్లు పసుపు దాకా రాదు, కిందో పక్కనో ఎరుపులోనే బిగుసుకుపోతుంది. ఎంత ప్రయత్నించినా ఆ జానెడు దూరం జరగదు! మనసు చెబుతుంది, చెయ్యి వినదు. నాలుగేళ్ల సాధన నాలుగు వారాల్లో ఆవిరైపోయినట్టుంటుంది. బంతిని వదల్లేక ఆగిపోయే బౌలర్లు, రెండడుగుల దూరంలోని గుంటలోకి బంతిని కొట్టలేని గోల్ఫ్ ఆటగాళ్లు ఈ కోవలోని వాళ్లే.

ఒలింపిక్స్‌లో వాడే రికర్వ్ విల్లు సంగతి చూడండి. లక్ష్యం 70 మీటర్ల దూరంలో ఉంటుంది. పది పాయింట్ల వలయం అడ్డంగా 12.2 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక సీడీ అంత. విల్లు దగ్గర గురిలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే అక్కడికెళ్లేసరికి అది సుమారు 8 సెంటీమీటర్లవుతుంది. పది కాస్తా తొమ్మిది అయిపోతుంది. వ్యక్తిగత పోటీలో బాణానికి 20 సెకన్లే గడువు. ఇంతటి ఇరుకులో భయం పుట్టకపోతేనే వింత.

వింటికి 'క్లిక్కర్' అని ఓ సన్నటి రేకు బిగిస్తారు. బాణం మొన దాని కిందినుంచి జారి బయటికి రాగానే 'టిక్' మంటుంది. తీగను ప్రతిసారీ ఒకే పొడవున లాగారనడానికి అదే గుర్తు. ఆ శబ్దం వినగానే బాణం వదలాలి. గాడి తప్పిన విలుకాడికి చివరి రెండు మూడు మిల్లీమీటర్లే కొండంత అవుతాయి. టిక్ మనదు, భుజం వణుకుతుంది, గడియారం పరుగెడుతుంది. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విభాగంలో. ఆ వింటి తీగను వేళ్లతో కాదు, చిన్న పరికరంతో వదులుతారు. ఆ విభాగంలో ఈ జబ్బు వేరే రూపంలో వస్తుంది. గురి కుదిరీ కుదరకముందే మీట నొక్కేస్తుంటారు.

ముందు విల్లును చూడండి

గురి తప్పిన ప్రతిసారీ మనసునే నిందించడం న్యాయం కాదు. బాణాలన్నీ ఒకేచోట గుంపుగా దిగుతూ, ఆ గుంపు మధ్యకు రాకుండా పక్కకుంటే ఆటగాడి తప్పు కాకపోవచ్చు, సైట్ సరిచేస్తే సరిపోతుంది. పైకీ కిందికీ చెదిరితే లాగే పొడవులోనో, తీగ గడ్డాన్ని తాకే చోటులోనో తేడా ఉందేమో చూడాలి. కుడి ఎడమలకు చెదిరితే విల్లు పట్టిన చేతి పట్టునూ, తీగ వదిలే వేళ్లనూ అనుమానించాలి. ఇంకో సంగతి... పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు చూస్తుండగానే పొడవవుతారు. చేతులూ సాగుతాయి. క్లిక్కర్ మాత్రం నిరుడు బిగించిన చోటే ఉంటుంది! పిల్లాడికి శ్రద్ధ తగ్గిందని కేకలేసేముందు ఓసారి టేపు పెట్టి కొలవడం మంచిది. తాహతుకు మించిన బరువు విల్లు చేతికివ్వడమూ మనవాళ్లు తరచూ చేసే పొరపాటే.

విల్లు బాగానే ఉందని తేలితే అప్పుడు అసలు చికిత్స. వినడానికి విచిత్రంగా ఉంటుంది. లక్ష్యాన్నే తీసేస్తారు! రంగుల కాగితం లేని ఉత్త దిమ్మ ముందు మూడు నాలుగు మీటర్ల దూరంలో నిలబెట్టి, కళ్లు మూసుకుని వేయమంటారు. అంత దగ్గర్నుంచి తప్పిపోయే ప్రసక్తే లేదు కాబట్టి భయపడడానికేమీ మిగలదు. వీపు కండరాలు బిగుసుకోవడం, తీగ గడ్డానికి ఆనడం, వేళ్లు జారడం... వీటిని శరీరం మళ్లీ మొదటిసారి నేర్చుకుంటున్నట్టు నేర్చుకుంటుంది. దాంతోపాటు మరో సాధన ఉంది. లక్ష్యం ఎదురుగా విల్లు లాగి, పసుపు మీద గురి నిలిపి, బాణం వదలకుండానే మెల్లగా దించేయడం. గురి కుదిరితే వదిలి తీరాలన్న ముడి మనసులో పడిపోయింది కదా, దాన్ని విప్పడమన్నమాట. ఆపైన దగ్గర్లో పెద్ద కాగితం, తర్వాత దూరం కొద్దికొద్దిగా పెంచడం. ఈ రోజుల్లో పాయింట్లు లెక్కపెట్టరు. కొందరికి వారాలు చాలు, కొందరికి నెలలు పడుతుంది. తొందరపడి మధ్యలో పోటీకి దిగితే మళ్లీ మొదటికొస్తుంది.

పెద్ద ఆటగాళ్లకూ ఈ కష్టాలు తప్పలేదు. రియోలో కాంస్యం గెలిచిన అమెరికన్ బ్రాడీ ఎలిసన్‌కు 2018లో తీగ లాగే చేతి వేళ్లు మొండికేశాయి. అది అచ్చంగా గురి భయం కాదు, వేళ్ల కండరాలు మాట వినకపోవడం. ఆట మానేద్దామా అనుకునేదాకా వెళ్లాడు. మరుసటి ఏడాదే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. లిమాలో 720కి 702 పాయింట్లు కొట్టి అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు కూడా.

మన దీపికా కుమారిది ఇంకో కథ. 2012లో ప్రపంచ నంబర్ వన్‌గా లండన్ వెళ్లి, ఒలింపిక్స్ తొలి రౌండ్లోనే ఓడిపోయింది. 2021లో పారిస్ ప్రపంచకప్‌లో ఒక్కరోజే మూడు స్వర్ణాలు, నెల తిరగ్గానే టోక్యోలో క్వార్టర్ ఫైనల్ ఓటమి. 2022 డిసెంబరులో పాప పుట్టింది. కాన్పు తర్వాత విల్లు ఎత్తడమే కష్టమైంది, 2023లో జాతీయ జట్టులో చోటూ దక్కలేదు. 2024 ఏప్రిల్లో షాంఘై ప్రపంచకప్‌లో రజతంతో తిరిగొచ్చింది. ఆ ఏడాది పారిస్‌లోనూ క్వార్టర్స్ దాటలేదు, నిజమే. కానీ ఓడింది 4-6తో, కొరియా అమ్మాయితో ఆఖరి సెట్ దాకా పోరాడి.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. అకాడమీ నుంచి పిల్ల ఇల్లు చేరగానే మనం అడిగే మొదటి ప్రశ్న 'ఇవాళెంత కొట్టావ్?' అని. మైదానంలో కోచ్ కష్టపడి తీసేసిన పసుపు వలయాన్ని మనం భోజనాల దగ్గర మళ్లీ గోడకు తగిలిస్తున్నామన్నమాట! ఉత్త దిమ్మ మీద సాధన చేస్తున్న రోజుల్లో ఆ పిల్ల దగ్గర చెప్పడానికి అంకె ఏదీ ఉండదు. ఆ కొన్ని వారాలూ కూర ఎలా ఉందో అడిగితే చాలు.